ఢిల్లీలో దాటేశారు, సింగపూర్‌లో ఒప్పుకున్నారు

2025 మే 31న షాంగ్రిలా రక్షణ సదస్సు కోసం సింగపూర్ వెళ్లిన త్రివిధ దళాల అధిపతి జనరల్ అనిల్ చౌహాన్ అక్కడ బ్లూమ్‌బర్గ్ టీవీతో మాట్లాడారు. ఆపరేషన్ సిందూర్‌లో మన యుద్ధ విమానాలు కూలాయా అని అడిగితే, కూలాయా లేదా అన్నది కాదు, ఎందుకు కూలాయన్నదే ముఖ్యం అన్నారు. ఎక్కడ పొరపాటు జరిగిందో గుర్తించి, రెండు రోజుల్లో సరిదిద్దుకుని మళ్లీ విమానాలు ఎగరేశామని చెప్పారు. ఆరు విమానాలు కూల్చామన్న పాకిస్థాన్ మాట పచ్చి అబద్ధమనీ తేల్చేశారు. నిజానికి ఇది చక్కని జవాబు. పొరపాటును ఒప్పుకుని దిద్దుకునే సైన్యం మీద జనానికి గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

అయితే ఇదే ప్రశ్న మే 11న ఢిల్లీలోనూ వచ్చింది. త్రివిధ దళాల అధికారులు కలిసి పెట్టిన ప్రెస్ మీట్‌లో ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతిని మన విలేకరులు అడిగారు. యుద్ధమన్నాక నష్టాలుంటాయి, మన పైలట్లంతా క్షేమంగా తిరిగొచ్చారు అని ఆయన ఆపేశారు. ఆయన్ను తప్పుపట్టలేం. యుద్ధం ఇంకా చల్లారలేదు, ఎంతవరకు చెప్పాలన్నది తేల్చేది ఆయన కాదు. కానీ మిగతాది తెలుసుకోవడానికి దేశం ఇరవై రోజులు ఆగాల్సి వచ్చింది. చివరికి అది వేరే దేశంలో, విదేశీ చానల్ మైకులో బయటికొచ్చింది. ఈ మధ్యలో పాకిస్థాన్ తన లెక్కను ప్రపంచమంతా చాటుకుంది. మన టీవీ స్టూడియోల్లో యాంకర్లు ఎవరికి తోచిన యుద్ధం వాళ్లు చేశారు.

కాల్పుల విరమణ సంగతీ అంతే. మే 10 సాయంత్రం ఆ వార్త మొదట వచ్చింది ట్రంప్ సోషల్ మీడియా పోస్టు నుంచి. ఆ తర్వాతే మన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ మైకు ముందుకొచ్చారు. మధ్యాహ్నం 3.35కి పాకిస్థాన్ డీజీఎంఓ (సైనిక కార్యకలాపాల అధిపతి) మన డీజీఎంఓకు ఫోన్ చేశారని, 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని ఇద్దరూ ఒప్పుకున్నారని క్లుప్తంగా చదివి వెళ్లిపోయారు. అమెరికా పాత్ర ఎంత, ఎవరు ఎవరితో మాట్లాడారు అన్నవి అలాగే మిగిలిపోయాయి. రాత్రికి రాత్రే ఆన్‌లైన్ మూక ఆయన మీద పడింది. కుటుంబాన్ని కూడా వదల్లేదు. ఆయన తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకోవాల్సి వచ్చింది. నిర్ణయం రాజకీయ నాయకత్వానిది, తిట్లు మాత్రం అధికారికి. నన్నడిగితే ఆ నెల మొత్తంలో బాగా ఇబ్బంది పెట్టిన దృశ్యం అదే.

విలేకరులకు దూరంగా ఉండటంలో నాయకుల భయం ఉత్తిదేం కాదు. నోరు జారితే ఎంత ఖరీదవుతుందో మన చరిత్రే చెబుతుంది. 1962 అక్టోబర్ 12న నెహ్రూ సిలోన్ (ఇప్పటి శ్రీలంక) బయల్దేరుతూ విలేకరులతో, మన భూభాగం నుంచి చైనావాళ్లను ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామన్నారు. ఎప్పుడన్నది సైన్యమే చూసుకుంటుందని కూడా అన్నారు. అప్పటికి సరిహద్దులో మన సైనికులకు సరైన బూట్లు, చలి దుస్తులు కూడా లేవు. సరిగ్గా ఎనిమిది రోజులకు చైనా దాడికి దిగింది. ఆ ఒక్క మాటతోనే యుద్ధం వచ్చిందనడం అన్యాయం. కానీ చైనాకు చెప్పుకోవడానికి ఒక సాకు దొరికింది.

1987 జనవరిలో రాజీవ్ గాంధీ చేసింది ఇంకా విడ్డూరం. ఆయన పాకిస్థాన్ పర్యటన గురించి ప్రధాని ఒకటి, విదేశాంగ కార్యదర్శి ఇంకొకటి చెబుతున్నారేమిటని ఒక పాకిస్థానీ విలేకరి అడిగాడు. త్వరలోనే మీరు కొత్త విదేశాంగ కార్యదర్శితో మాట్లాడతారు అని రాజీవ్ జవాబిచ్చారు. అప్పటి కార్యదర్శి ఎ.పి. వెంకటేశ్వరన్ అదే హాల్లో కూర్చుని ఉన్నారు. తన ఉద్యోగం పోయిన సంగతి ఆయనకు అలా నిండు సభలో తెలిసింది. వెంటనే రాజీనామా చేశారు.

ఇలాంటివి చూశాక ఏ సలహాదారైనా ప్రధానికి ‘ఎందుకండీ రిస్కు’ అనే చెప్తాడు. కానీ 1962లో అంత దెబ్బ తిన్న నెహ్రూ విలేకరులకు ముఖం చాటేయలేదు. చనిపోవడానికి ఐదు రోజుల ముందు, 1964 మే 22న కూడా ప్రెస్ మీట్ పెట్టారు. మీ తర్వాత ఎవరు అని మొహమాటం లేకుండా అడిగితే, నా జీవితం అంత తొందరగా ముగిసిపోవడం లేదులెండి అన్నారు.

ప్రశ్నను ఎదుర్కొంటే దేశానికి ఏం ఒరుగుతుందో చూడాలంటే 2019 ఆగస్టు 16 నాటి న్యూయార్క్‌కు వెళ్లాలి. ఆర్టికల్ 370 రద్దు మీద భద్రతా మండలి తలుపులు మూసుకుని చర్చించింది. బయటికొచ్చి చైనా ప్రతినిధి మాట్లాడారు, పాకిస్థాన్ ప్రతినిధి మాట్లాడారు, ప్రశ్నలు తీసుకోకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన, ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్ మాత్రం అడగండి అని నిలబడ్డారు. పాకిస్థాన్‌తో చర్చలు ఎప్పుడు మొదలుపెడతారని పాకిస్థానీ విలేకరి ఒకరు గుచ్చారు. ఇప్పుడే మీ దగ్గరికొచ్చి మొదలుపెడతానంటూ ఆయన మైకు వదిలి నడిచి వెళ్లి, ముగ్గురు పాకిస్థానీ విలేకరులతో చేయి కలిపారు. వెనక్కొచ్చి సిమ్లా ఒప్పందానికి కట్టుబడి ఉన్నామనడం ద్వారా మా స్నేహ హస్తం ముందే చాచాం, ఇక పాకిస్థాన్ జవాబే రావాలన్నారు. ఆ రోజు ప్రపంచ మీడియాలో తిరిగిన దృశ్యం అదే. (ఆయన మన హైదరాబాదీ. ఉస్మానియా జర్నలిజం విభాగాన్ని నడిపిన ప్రొఫెసర్ బషీరుద్దీన్ కొడుకు. విలేకరులంటే బెదురు లేకపోవడం ఇంటి నుంచే వచ్చిందేమో!) అంతకుముందు 2012 నుంచి 2015 దాకా విదేశాంగ శాఖ ప్రతినిధిగా ఆయన విలేకరులకు జవాబులు చెప్పారు. ఆ ధీమా సాధనతో వచ్చేదే.

మన ప్రధానులకు ఆ సాధనే లేకుండా పోతోంది. పీవీ తనకొచ్చిన భాషలన్నింట్లోనూ మౌనంగా ఉండగలరని అప్పట్లో జోకులేసేవారు. మన్మోహన్ మితభాషే అయినా 2014 జనవరి 3న కుంభకోణాల మీద ప్రశ్నల వర్షంలో కూర్చుని తడిశారు. మోదీ 2019 మే 17న పార్టీ ఆఫీసులో విలేకరుల ముందు కూర్చుని, ప్రశ్నలన్నీ అమిత్ షాకు వదిలేశారు. 2023 జూన్‌లో వైట్‌హౌస్‌లో మైనారిటీల హక్కుల గురించి ఆయనకు ప్రశ్న ఎదురైంది, జవాబూ ఇచ్చారు. అమెరికా విలేకరికి చెప్పగలిగింది ఢిల్లీ విలేకరికి ఎందుకు చెప్పకూడదు?

పార్లమెంటు ఉంది కదా అంటారు. నిజమే, సిందూర్ మీద 2025 జులై చివర్లో చర్చ జరిగింది. ఆపమని ఏ దేశ నాయకుడూ మాకు చెప్పలేదని ప్రధాని అక్కడ అన్నారు. కానీ సభలో చేసేది ఉపన్యాసం. మరి యుద్ధం తానే ఆపానని ట్రంప్ పదేపదే ఎందుకన్నారని వెంటనే ఎదురు ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా పట్టుకునే వీలు అందులో లేదు.

ఎక్కువ ప్రెస్ మీట్లు పెడితే చాలని కూడా అనుకోను. కేసీఆర్ ముఖ్యమంత్రిగా గంటల తరబడి మాట్లాడేవారు. 2022 ఫిబ్రవరిలో ఒక ప్రెస్ మీట్‌లో కొత్త రాజ్యాంగం కావాలన్నారు, ఇంకోదాంట్లో సర్జికల్ స్ట్రయిక్స్‌కు రుజువులు అడిగారు. చిరాకు పుట్టించే ప్రశ్న వేసిన విలేకరికి మాత్రం క్లాసు పీకేవారు. ప్రశ్నకు చోటు లేకుండా ఎన్ని గంటలు మాట్లాడినా అది బహిరంగ సభే.

విదేశాంగ శాఖ వారం వారం బ్రీఫింగ్ పెడుతుంది. ప్రతినిధి పద్ధతిగా మాట్లాడతారు, తనకు అనుమతి ఉన్నంతే చెప్తారు. మిగతాదంతా మర్నాడు పేపర్లలో ‘విశ్వసనీయ వర్గాల’ పేరుతో వస్తుంది, రేపు తప్పని తేలినా ఎవరినీ నిలదీయలేం. యుద్ధం, సుంకాలు, వీసాలు లాంటి పెద్ద సంగతి వచ్చినప్పుడైనా ఆ ప్రతినిధి పక్కన నిర్ణయం తీసుకున్న మంత్రి కూర్చోవాలి. హెచ్1బీ నిబంధన మారిన రోజున అమీర్‌పేటలో, గుంటూరులో పిల్లల తల్లిదండ్రులు టెన్షన్‌తో టీవీ ముందు కూర్చుంటారు. ‘పరిస్థితిని గమనిస్తున్నాం’ అన్న ముక్క విని వాళ్లు చేసేదేముంది?