ముందు నీడ కొలిపించండి

పిల్లలతో బొమ్మలు చేయిస్తే ఖగోళ పాఠం బాగా ఎక్కుతుందని మీరు ఇక్కడ రాసిన మాట నిజమేనండీ. కానీ మీరు సూచించిన థర్మోకోల్ సౌరకుటుంబం చాలా ఇళ్లలో తల్లిదండ్రులే చేసి పంపుతున్నారు. రంగు బంతుల్లో పిల్లలు కొలిచేదీ ఏమీ ఉండదు.

నేను ఎనిమిదో తరగతికి మీటరు కర్రతోనే మొదలుపెడతాను. మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిటారు కర్ర నీడ మాయమయ్యే రోజు హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో వస్తుంది. మొదటిది సెలవుల్లో పోతుంది, రెండోది మబ్బుల్లో. అందుకే పగలూ రాత్రీ సుమారు సమానంగా ఉండే సెప్టెంబరు 23 మేలు. దారానికి రాయి కట్టి కర్ర నిటారుగా ఉందో లేదో చూసి, పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకు నీడ కొసన సుద్దముక్కతో గీత పెట్టించాలి. అతి పొట్టి నీడ పన్నెండింటికి రాదు, 12.08 ప్రాంతంలో వస్తుంది. మన గడియారం కాకినాడ దగ్గరి 82.5 డిగ్రీల రేఖాంశానిది కాబట్టి హైదరాబాద్‌లో నడి మధ్యాహ్నం 16 నిమిషాలు ఆలస్యం. భూమి అక్షం వంపు, దీర్ఘవృత్త కక్ష్య కలిసి ఆ రోజుల్లో ఈ ఆలస్యాన్ని ఓ 8 నిమిషాలు తగ్గిస్తాయి.

ఆ మధ్యాహ్నం ఆదిలాబాద్‌లో నీడ సుమారు 36 సెంటీమీటర్లు, తిరుపతిలో 24. నీడ పొడవును బట్టి లెక్కగట్టే సూర్యకిరణాల కోణాల తేడా 6 డిగ్రీలు, అంటే పూర్తి వృత్తం 360 డిగ్రీల్లో 60వ వంతు; ఉత్తర దక్షిణాలుగా దూరం 670 కిలోమీటర్లు. 60తో గుణిస్తే 40,200 కిలోమీటర్లు, అంటే భూమి చుట్టుకొలతకు బాగా దగ్గర. 2,200 ఏళ్ల కిందట గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ వేసిన లెక్క ఇదే!

తిరుపతి వైపు టీచర్లెవరైనా ఈసారి మాతో కలిసి కొలుస్తామంటే ఇక్కడే రాయండి.