సుగ్గి చాటున కనపడని చేతిరాత కష్టం

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో మూడో తరగతి పిల్లాడి రాత బాగాలేదంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: "సుగ్గికి పోయొచ్చినాడు సార్, ఏం రాస్తాడు?" కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి పత్తి, మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు దిక్కు తరలిపోవడమే సుగ్గి. ఇది ఏటా ఉన్నదే. పిల్లలూ వెంట పోతారు. నెలల తరబడి బడి లేకపోతే రాత వెనకబడుతుంది, నిజమే. కానీ అందరికీ అదే కారణం కట్టేస్తే, నిజంగా రాయలేని పిల్లాడు ఎవరి కంటా పడడు.

రాయడంలోనే ఉండే ఈ ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అంటారు. తెలివికి, దీనికి సంబంధం లేదు. ప్రశ్న అడిగితే నోటితో గడగడా చెబుతాడు. అదే రాయమంటే రెండు లైన్లకే చెయ్యి నొప్పి అంటాడు. వాడి నోటుబుక్కు తిరగేసి చూడండి. పెన్సిల్ నొక్కిన నొక్కుడుకు వెనక పేజీలో అచ్చు పడి ఉంటుంది. ఒత్తు తన అక్షరం వదిలి పక్కదాని కిందికి జరుగుతుంది. ఒకే పేజీలో ఒకే అక్షరం మూడు సైజుల్లో ఉంటుంది. పదాల మధ్య జాగా ఉండదు. గుణింతం పైన, ఒత్తు కింద, మధ్యలో గుండ్రాలు ఉన్న మన లిపి ఇలాంటి చేతికి చాలా పని పెడుతుంది.

అలవాటు తప్పినవాడు రోజూ బడికొచ్చి రాస్తుంటే మెల్లగా గాడిన పడతాడు. శ్రద్ధగా నేర్పినా ఆరు నెలలపాటు ఇబ్బంది తగ్గకపోతేనే నిపుణులు దాన్ని అభ్యసన లోపంగా అనుమానిస్తారు. మన చిక్కంతా ఇక్కడే. జూన్‌లో బడి తెరిస్తే దీపావళి దాటాక చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గమనించడానికి దొరికేది ఆ కొద్ది నెలలే. కాబట్టి జూన్‌లోనే ప్రతి పిల్లాడి చేత ఒక పేజీ రాయించి, తేదీ వేసి దాచాలి. అక్టోబర్‌లో మళ్లీ రాయించి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పైసా ఖర్చు లేని పని.

ముందు కళ్లు పరీక్ష చేయించాలి. ఎడమచేతి వాటం పిల్లల చేత బలవంతంగా కుడిచేత్తో రాయించడం మానాలి. ఇంపోజిషన్ అసలే వద్దు. నొప్పి పుట్టే చేత్తో వందసార్లు రాయిస్తే వాడికి రాతంటేనే టెన్షన్ పట్టుకుంటుంది. రోజూ కాసేపు, రెండు మూడు అక్షరాలే, ముందు పలక మీద పెద్దగా, తర్వాత వెడల్పు గీతల పుస్తకంలో రాయిస్తే చాలు. ఇంట్లో బుడ్డలు (వేరుశనగకాయలు) ఒలిపించడం వేళ్లకు మంచిదే గానీ, రాయకుండా రాత రాదు. సైన్స్, సోషల్ జవాబులు నోటితో చెప్పించుకుని మార్కులేస్తే పోయేదేముంది?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో అభ్యసన లోపాలనూ చేర్చింది. వాటిని చిన్నప్పుడే గుర్తించాలంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లు ఇవ్వాలంది. పదో తరగతి పరీక్షలు ముంచుకొచ్చాక సర్టిఫికెట్ కోసం పరిగెడితే పని జరగదు. అనుమానం రాగానే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి పంపాలి.

సుగ్గి కాలంలో పిల్లలను ఊళ్లోనే ఉంచే సీజనల్ హాస్టళ్లకు మరో పని కూడా అప్పగించవచ్చు. అక్టోబర్ పేజీలోనూ రాత మెరుగుపడని పిల్లల పేర్లు హాస్టల్‌కు ముందే అందాలి. సాయంత్రం పలక పట్టించే పని ఎవరిదో విద్యాశాఖ రాతపూర్వకంగా తేల్చాలి.