చెప్పేటోళ్లు ఎక్కువైతేనే భయం ఎక్కువ

హారర్ కథల నలుగురు నాలుగు దిక్కుల నుంచి చెప్తే, కాలాలు ముందుకు ఎనకకు పోతే చదివేటోళ్లు ఆగమైతరని ఎవరో రాసిన్రు, నేనైతే అస్సలు ఒప్పుకోను సార్. 1897ల వచ్చిన, రక్తం తాగే దయ్యం కథ డ్రాకులా నవల చూడుండ్రి, మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులే, ఒకలికి తెల్సింది ఇంకొకలికి తెల్వది, డ్రాకులా దగ్గరికి రాకుండ లూసీ అనే పిల్ల గదిల పెట్టిన ఎల్లిపాయ పూలు, సంగతి తెల్వక వాళ్లమ్మ తీసేసిందంటే అయ్యో ఎంత పని చేసినవమ్మా అని మనకే అరవబుద్ధైతది. డ్రాకులా డైరీ మాత్రం ఎక్కడా ఉండది, అందుకే వాడంటే అంత భయం.

మన ఓరుగల్లుకు ఇట్లాంటి కథ మస్తు సెట్ అయితది. 1323ల ఢిల్లీ ఫౌజు చేతిల కోట పడిపోయినప్పుడు లోపలున్న ఒక సిపాయి, నిజాం జమానాల ఒక పట్వారీ రాసుకున్న కాగితాలు, ఇప్పుడు ఖిలా వరంగల్ల ఉండే పిల్ల పెట్టిన వాట్సాప్ వాయిస్ మెసేజులు, ముగ్గురు చెప్పేది మూతేసిన ఒక్క బావి గురించే అయితే ఎట్లుంటది!

కాకపోతే రాసేటోళ్లకు దండం పెట్టి ఒకటి చెప్తున్న, బాణామతి, అంటే చేతబడి, అనంగనే ఊరి చివర ఒంటరిగ ఉండే ముసలమ్మనే చూపియ్యకుండ్రి. మన దిక్కు ఉత్త అనుమానంతోనే మనుషుల్ని కొట్టి సంపిన్రు. ఆమెకు గూడ ఒక చాప్టర్ ఇయ్యుండ్రి, ఆమె సంగతి ఆమెనే చెప్పనియ్యుండ్రి.