కండువా ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం

ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగిళ్లలో ఒకటే మాట: పార్టీలో చేరితే మనకేం ఒరుగుతుంది? మీ పని ఏ ఎన్నికతో ముడిపడి ఉందో చూసుకుంటే జవాబు దొరుకుతుంది. ఇక్కడ వార్డు మెంబరు, సర్పంచి, పంచాయతీ సమితి సభ్యుల ఎన్నికలు పార్టీలకు అతీతంగా జరుగుతాయి. జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీలు మాత్రం పార్టీ గుర్తుల మీదే.

పల్లెలో ఉండి, కుళాయి, వీధిదీపం, అంగన్‌వాడీ కోసం తిరిగేవాళ్లు కండువా కప్పుకోనక్కర్లేదు. కప్పుకుంటే రెండో వర్గం ఇళ్లు దూరమవుతాయి, సర్పంచికి ఆ ఓట్లూ కావాలి. అక్కడ మనల్ని దెబ్బతీసేది వేరే ఉంది. ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం సర్పంచిగా నిలబడేవారికి ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. నామినేషన్ రోజు ఎవరూ పట్టించుకోకపోయినా, ఓడినవాళ్లు కోర్టుకెక్కితే గెలిచిన పదవి కూడా పోతుంది. పంచాయతీ స్థానాల్లో సగం మహిళలవి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చిన కోడళ్లలో చాలామంది ఒడియా గడగడా మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. వాళ్లను నిలబెట్టాలనుకునే ఇంట్లో ముందు కొనాల్సింది ఒడియా వాచకం, పలక.

పట్టణంలో లెక్క వేరు. 1996లో పి.వి. నరసింహారావు బరంపురం నుంచి లోక్‌సభకు గెలిచారని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఆ టికెట్ పైనుంచి వచ్చింది. వార్డు టికెట్ ఏ పోలింగ్ బూత్‌లో ఎన్ని ఓట్లన్న లెక్క మీద వస్తుంది, ఆ లెక్క వేసేది పార్టీ లోపలివాళ్లే. అందుకే పట్టణాల్లోని తెలుగువాళ్లు చేరాలనే మా అభిప్రాయం. చేరి అడగాల్సిన పదవి బూత్ లెవెల్ ఏజెంటు, అంటే ఒక బూత్ ఓటరు జాబితా పని చూడటానికి పార్టీ పెట్టే మనిషి.

ఎందుకంటే, ఓటరు దరఖాస్తులను మూటగట్టి ఇస్తే అధికారులు తీసుకోరు. మన సంఘం ఇచ్చినా అంతే. ఇంటివాళ్లవి ఇంట్లో ఒకరు ఇవ్వొచ్చు. గుర్తింపు పొందిన పార్టీ నియమించిన ఏజెంటు మాత్రం, స్వయంగా సరిచూశానని రాసిచ్చి, మామూలు రోజుల్లో రోజుకు 10 దరఖాస్తుల దాకా బూత్ అధికారికి (ఆ బూత్ ఓటరు జాబితా చూసే ప్రభుత్వ ఉద్యోగికి) అందించవచ్చు. కొత్త ఓటుకు ఫారం 6, తొలగింపుకు 7, దిద్దుబాటుకూ చిరునామా మార్పుకూ 8. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏనాటికి 18 నిండినా ఓటుకు అర్హత వస్తుంది.

మన పేర్లు ఎక్కడ పోతాయో ఏజెంటుకు తెలియాలి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా వాళ్లకు వెనకుంటుంది. జాబితాలో తండ్రికి ముందు, కొడుక్కి వెనక, కోడలికి అసలే లేకుండా పడుతుంది. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లని కాగితం మీద తేలదు. ఒడియా లిపిలో ఎ, ఏ లకు తేడా లేకపోవడంతో అక్షరాలూ మారతాయి. సూరత్ మిల్లులకు వెళ్లినవాళ్ల ఇళ్లకు తాళం ఉంటే బూత్ అధికారి ‘వలస వెళ్లారు’ అని రాసేసే ప్రమాదం ఉంది. ఆ వీధి మనిషే ఏజెంటుగా పక్కనుంటే అక్కడికక్కడే చెప్పగలడు. అటు సొంతూళ్లోనూ ఇటు ఇక్కడా ఓటు పెట్టుకున్నవాళ్లు మాత్రం ఒకటి వదులుకోండి. రెండు చోట్ల నమోదు చట్టవిరుద్ధం, తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు.

చేరే రోజున ‘తెలుగు సెల్ కన్వీనర్’ అంటారు, పూలదండ వేస్తారు. ఒప్పుకోకండి. సెల్‌కు టికెట్ చర్చలో కుర్చీ ఉండదు, ప్రచారంలో మన వీధులకు తిప్పడానికే దాన్ని వాడతారు. వార్డు కమిటీలోనో పట్టణ కమిటీలోనో చోటు అడగండి. పోటీ ఆశ ఉంటే, నామినేషన్ల చివరి రోజు దాకా బి ఫారం (మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) చేతికి రాకపోవచ్చని ముందే తెలుసుకోండి. అది గడువులోపు ఎన్నికల అధికారికి చేరకపోతే పార్టీ గుర్తు రాదు.

ప్రభుత్వోద్యోగులకు సభ్యత్వం నిషిద్ధం. మిగతావాళ్లు సభ్యత్వ రసీదుతో ఆగకండి. పార్టీ సంతకంతో ఏజెంటు నియామక పత్రం తీసుకుని, ఒక ప్రతి బూత్ అధికారికి ఇచ్చి, మీ బూత్ ఓటరు జాబితా తెచ్చుకుని ఇంటి నంబరు వరసన చదవడం మొదలుపెట్టండి.