మిగిలిన కిలోమీటర్ల అంకె గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ, కరెంటు కారు డ్యాష్‌బోర్డు మధ్యన కొలువు తీరిన అంకె గారికి నమస్కరించి రాయునది ఏమనగా:

ఇక్కడ బ్యాటరీలోని 96 జతల సెల్స్‌లో 95 క్షేమం. 57వ జత సంగతి తమరు చెప్పాలి. చెప్పరు గనకే ఈ ఉత్తరం.

మొన్నటిదాకా ఫుల్ చార్జికి 142 అన్నారు. ఇవాళ అదే ఫుల్ చార్జికి 91 అంటున్నారు. మధ్యలో ఏమైందో ఒక్క ముక్క లేదు. పాత కరెంటు కారు నడిపేవాళ్ళు తమరి మాట విని, బ్యాటరీ చచ్చిపోయిందని ఖాయం చేసుకుని, కొత్త ప్యాక్ ధర కనుక్కుంటున్నారు. తమరు మాత్రం చిలక జోస్యం చెప్పి పంజరంలోకి వెళ్ళిపోతారు.

అసలు తమరు కొలత కాదు. తమరి పుట్టుక అందరికీ తెలియాలి. బ్యాటరీలో ఇంకా ఎన్ని యూనిట్లు ఉన్నాయో బీఎంఎస్ (బ్యాటరీకి కాపలా కాసే కంప్యూటరు) ఒక అంచనా వేస్తుంది. ఈ మధ్య నడిచిన దారిలో కిలోమీటరుకి ఎంత కాలిందో బండి ఇంకో లెక్క వేస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే తమరు. ఆదాయం తగ్గినా, వ్యయం పెరిగినా తమరి ముఖం ఒక్కలాగే వాడిపోతుంది. ఏది జరిగిందో చెప్పగలిగితే మా పని సగం అయిపోయేది.

కాబట్టి తమరిని పక్కన పెట్టి ముందు వ్యయం చూస్తాం, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి, డ్రైవర్ తలుపు స్తంభం మీది స్టిక్కర్‌తో పోల్చాలి. ఈమధ్యే టైర్లు మార్చి ఉంటే అనుమానం అక్కడే మొదలవ్వాలి. తక్కువ రాపిడి టైర్లు తీసి మామూలువి వేస్తే రేంజ్ (ఒక చార్జికి నడిచే దూరం) ఆ రోజునుంచే పడిపోతుంది. తర్వాత బ్రేకులు. కరెంటు కారుని ఎక్కువగా మోటారే ఆపుతుంది గనక బ్రేకులకి పని ఉండదు. పని లేక కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. బ్రేకు పెద్దగా తొక్కకుండా పావుగంట నడిపి, దూరంనుంచి వేడి కొలిచే థర్మామీటరు నాలుగు చక్రాలకీ గురిపెట్టండి. ఒక చక్రం తన అవతలి వైపు చక్రం కంటే బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. జాకీ ఎత్తి చేత్తో తిప్పి చూస్తే ఖాయమవుతుంది.

హీటర్ సంగతి విడిగా చెప్పాలి. వంద కిలోమీటర్లకి 15 యూనిట్లు తాగే బండి, గంటకి 25 కిలోమీటర్ల ఊరి ట్రాఫిక్‌లో గంటసేపు నడిస్తే చక్రాలకి పోయేది 3.75 యూనిట్లు. అదే గంటలో 4 కిలోవాట్ల హీటర్ ఆగకుండా వెలిగితే తాగేది 4 యూనిట్లు. అంటే కూర్చున్నవాళ్ళు వెచ్చబడటానికి, బండి కదలడానికి దాదాపు సమానంగా ఖర్చు. ఇక వేగం. గంటకి 80 నుంచి 100కి పెంచితే గాలి ఎదురుతోపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వీటిలో ఏది మారినా తమరు పడిపోతారు, బ్యాటరీకి మాత్రం ఏ రోగమూ ఉండదు. చలికాలంలో రేంజ్ పడిపోవడం కూడా ఎక్కువ భాగం ఇలాంటిదే. సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది, ఎండ రాగానే సర్దుకుంటుంది.

ఇప్పుడు ఆదాయం. ఫుల్ చార్జి చేసి, ప్లగ్ తియ్యకుండా కొన్ని గంటలు వదిలెయ్యాలి. ట్రిప్ మీటరు సున్నా చేసి, ఏసీ, హీటర్ ఆపేసి, ఒకే వేగంతో 20 శాతం దాకా నడపాలి. ఉదాహరణకి 96 కిలోమీటర్లు నడిచి, వందకి 15 యూనిట్ల సగటు చూపిస్తే ఖర్చు 14.4 యూనిట్లు. దాన్ని 0.8తో భాగిస్తే మొత్తం 18. ఏడాది కిందట ఇదే పరీక్షలో 18.4 వచ్చి ఉంటే బ్యాటరీ ఎక్కడికీ పోలేదు, తమరే భయపడ్డారు. తిరిగి నింపేటప్పుడు గోడ మీటరు కూడా చూడాలి. చార్జర్‌లో 10-15 శాతం వేడిగా పోతుంది గనక 16, 17 యూనిట్లు లాగాలి. తేడా అంతకు మించితే బండి లెక్కలో అబద్ధం ఉన్నట్టు.

ఆ పరీక్షలో 18 కాక 12 వచ్చిందనుకోండి. అప్పుడు కూడా ముసలితనం అనడానికి తొందర వద్దు. ముసలితనం రాత్రికి రాత్రి రాదు. సెల్ రసాయనం నెలల మీద, ఏళ్ళ మీద అరుగుతుంది. రేంజ్ ఉన్నట్టుండి పోయిందంటే మూడిట్లో ఒకటి: బీఎంఎస్ మనసు మార్చుకుంది, ఒక్క సెల్ కూలింది, లేదా ఎక్కడో బోల్టు వదులైంది. (నిస్సాన్ లీఫ్‌లో కుడి అంచున బ్యాటరీ సామర్థ్యం చూపించే 12 గీతల్ని చూసి గుండె జారేవాళ్ళకి ఒక మాట. మొదటి గీత దాదాపు 15 శాతం పోయేదాకా కదలదు. ఒక్క రాత్రిలో మాయమైన గీత వెనక చాలా ఏళ్ళ అరుగుదల ఉంటుంది. దాన్ని ఉన్నట్టుండి పోవడం అనకూడదు.)

బీఎంఎస్ మనసు మార్చుకోవడం అంటే ఏమిటి? అది లోపలికి వెళ్ళిన, బయటికి వచ్చిన కరెంటుని కూడికలు తీసివేతలు చేస్తూ కూచుంటుంది. చిన్న తప్పులు పోగుపడతాయి. రోజూ 40 నుంచి 70 దాకానే నింపితే దానికి లెక్క సరిచూసుకునే చోటే దొరకదు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌లో ఇది మరీ ఘోరం. మధ్య శాతాలన్నిటా వోల్టేజి 3.2, 3.3 దగ్గరే బల్లపరుపుగా ఉంటుంది, వోల్టేజి చూసి శాతం చెప్పడం కుదరదు. మందు తేలిక. ఒకసారి 10 శాతం దాకా దింపి, కొన్ని గంటలు ఆపి, నెమ్మది చార్జర్‌తో ఫుల్ చేసి మళ్ళీ ఆపాలి. ఇలా రెండుసార్లు. తమరు తిరిగి లేస్తే పోయింది జమాఖర్చు మాత్రమే.

లేవకపోతే ఓబీడీ పోర్టులో (బండి లోపలి లెక్కలు చదివే సాకెట్టు) డాంగిల్, అంటే ఆ లెక్కల్ని ఫోనుకి పంపే చిన్న పరికరం, పెట్టి ఒక్కో సెల్ వోల్టేజి చూడాల్సిందే. అసలు రోగం దొరికేది ఇక్కడే. పాత 24 యూనిట్ల లీఫ్‌లో 192 సెల్స్, జతకి రెండు చొప్పున 96 జతలు వరసగా ఉంటాయి. వరసలో ఉన్నప్పుడు అందరి గుండా ఒకే కరెంటు పోతుంది. ఒక్క జత అడుగంటితే బీఎంఎస్ మిగతా 95 జతల పంక్తినీ లేపేస్తుంది, వాళ్ళ విస్తళ్ళలో ఇంకా వడ్డన ఉన్నా సరే. తమరి 142 కాస్తా 91 అయ్యే దారుల్లో ఇది ముఖ్యమైనది.

వోల్టేజీల్ని ఒకసారి చూస్తే చాలదు. ఫుల్ చార్జి మీద విశ్రాంతిలో, 30 శాతం దగ్గర గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, చార్జింగ్ జరుగుతుండగా, మూడుసార్లు చూడాలి. పైన, అంటే ఫుల్ చార్జి దగ్గర, 20, 30 మిల్లీవోల్టుల తేడా పెద్ద సంగతి కాదు. కింద, అంటే 30 శాతం దగ్గర, తొక్కినప్పుడు ఒక్కటే జత 200 మిల్లీవోల్టులు జారితే అది నిందితుడు. పైన అందరితో సమానంగా ఉండి కింద మాత్రమే కూలితే దానిలో నిల్వ తగ్గింది. ఏ శాతంలోనైనా తొక్కితే పడి, చార్జింగ్‌లో మిగతావాటి కంటే పైకి ఎగిరితే నిరోధం పెరిగింది. ఆ నిరోధం సెల్‌దా, బస్‌బార్ (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ) బోల్టుదా అన్నది కాలు తీసినప్పుడు తెలుస్తుంది. బోల్టుదైతే వోల్టేజి టక్కున వెనక్కి వస్తుంది, సెల్‌దైతే మెల్లగా కోలుకుంటుంది. వదులు బోల్టు దగ్గర ఒక్క మిల్లీఓమ్ చాలు. 200 ఆంపియర్లు పోతే 200 మిల్లీవోల్టులు మింగేసి, 40 వాట్ల వేడి పుట్టిస్తుంది. దాన్ని అలా వదిలెయ్యకూడదు.

ఇంకో మాయ ఉంది. ఒక జత ఎంత తగ్గిందో పక్క జత సరిగ్గా అంతే పెరిగి కనిపిస్తే సెల్స్‌ని తిట్టకండి, రెండిటి మధ్య కొలత తీగ తుప్పు పట్టింది. అలాగే బండిని వారం కదలకుండా వదిలి, ఒక్క జత మాత్రమే దిగిపోయిందేమో చూడాలి. దిగితే అది లోలోపల కారిపోతోంది, దాన్ని మార్చక తప్పదు.

కేవలం జతల మధ్య చార్జి సమతుల్యం తప్పిందైతే ఓపికే మందు. మామూలు బీఎంఎస్ ఎక్కువున్న సెల్స్‌ని చిన్న రెసిస్టర్ ద్వారా కాల్చి దించుతుంది. 100 మిల్లీఆంపియర్ల చొప్పున 3 ఆంపియర్ అవర్ల తేడా సర్దడానికి 30 గంటలు. గంట చార్జింగ్ చేసి బాగుపడలేదని ఏడిస్తే అది వినదు.

ప్యాక్ విప్పే ధైర్యవంతుల గురించి కూడా తమరికి చెప్పుకోవాలి. సర్వీస్ ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగితే బయట నారింజ రంగు తీగలకి కలిసి ఉన్న కెపాసిటర్లు (కరెంటు కాసేపు దాచుకునే భాగాలు) ఖాళీ అవుతాయి. ప్యాక్ లోపల సెల్స్ మాత్రం బతికే ఉంటాయి. మొత్తం వరస దాదాపు 400 వోల్టులు. ప్లగ్ దాన్ని ముక్కలు చేస్తుందే గానీ చంపదు. హైవోల్టేజి పని నేర్చినవాళ్ళు, రబ్బరు గ్లౌజులు ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన పని అది. మాడ్యూల్ (కొన్ని సెల్స్ ఉండే డబ్బా) మార్చేటప్పుడు కొత్తది కొనడం గొప్ప కాదు. పాతవాటి నిల్వకి దగ్గరగా ఉన్నది తెచ్చి, బిగించేముందు వోల్టేజి వాటితో సమానం చెయ్యాలి. ఎంత బలమైన మాడ్యూల్ వేసినా ప్యాక్ తర్వాతి బలహీనుడి దాకానే నడుస్తుంది.

తమరి మీద మాకు పగ లేదు. ఒక చిన్న కోరిక మాత్రం ఉంది. 38 అని చూపించేటప్పుడు పక్కన 57వ జత వోల్టేజి కూడా చూపించండి. చోటు లేదంటారేమో. పాత లీఫ్‌లో చార్జి బాగా అడుగంటాక తమరు అంకె మానేసి మూడు అడ్డగీతలు పెట్టేస్తారు. తమరు రాసినవాటిలో మేం మారు మాటాడకుండా నమ్మేది ఆ మూడు గీతల్నే.

ఇట్లు,
డాంగిల్ పట్టుకుని స్టీరింగ్ కింద దూరినవాళ్ళు