తాతగారి పురాణం, చేగోడీల డబ్బా

వెంకట్రావు: కామేశ్వరీ, నేను కథ చెప్పి మనవడికి పండు తినిపించబోయే వేళకు సరిగ్గా నువ్వు వంటింట్లోంచి ఊడిపడడం ఏమీ బాగాలేదు.

కామేశ్వరి: ఊడిపడక ఏం చేయమంటారండీ? బాల హనుమంతుడు సూర్యుణ్ణి పండనుకొని ఎగిరాడని చెప్పి కమలాతొన అందించారు, బాగానే ఉంది. అంతటితో ఆపక, ఇంద్రుడు వజ్రాయుధంతో దవడ పగలగొట్టిన ఘట్టాన్ని కూడా అభినయించి మరీ చూపించారు. పొద్దున్నే పాలపన్ను ఊడిన పిల్లవాడు ఇక పండు ముట్టుకుంటాడా?

వెంకట్రావు: పురాణాన్ని సగంలో ఆపడం మా వంశంలోనే లేదు. (శ్రోతలు సగంలోనే నిద్రపోవడం మాత్రం ఆ వంశంలో ఉన్నదే.) అయినా, బకాసురుడి కథ ఫలించలేదా?

కామేశ్వరి: ఎందుకు ఫలించలేదు! భీముడు బండెడు అన్నం ఒక్కడే తిన్నాడని విన్నది మొదలు, వాడు బీట్‌రూట్ కూర పక్కకు నెట్టేసి, బండెడు పులిహోర ఎప్పుడు కలుపుతావని నా ప్రాణం తీస్తున్నాడు.

వెంకట్రావు: అయితే తమరి పద్ధతి ఏమిటో సెలవియ్యండి.

కామేశ్వరి: బొమ్మల పుస్తకంలో రాగి చేను ఉన్న పుట తెరిచి పెట్టి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటాను. పిండి వేగి కమ్మటి వాసన వచ్చాక, చల్లార్చి, బెల్లం తురుము వాడి చేతనే కలిపించి, కాచిన నెయ్యి నేను పోస్తాను. వాడు చుట్టిన ఉండ ఎంత వంకరగా ఉన్నా, తాను చేసినది కనుక ముందు దాన్నే తింటాడు.

వెంకట్రావు: 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని నేనూ వాడికి బోధించాను కదా! జాతీయ పోషకాహార సంస్థ ఉన్న తార్నాకలోనే కాపురముంటూ ఆమాత్రం చెప్పకపోతే ఎలా?

కామేశ్వరి: ఆరేళ్లవాడికి మిల్లీగ్రాములు చెబితే బెల్లం కూడా చేదెక్కుతుంది. కొత్త రుచి పిల్లలకు అలవాటు కావాలంటే, బలవంతం చేయకుండా, పది పదిహేనుసార్లయినా కొద్దికొద్దిగా పెడుతూ ఉండాలి. కాకరకాయ విషయంలో మీకు అరవై ఏళ్లూ చాలలేదనుకోండి.

వెంకట్రావు: ఇప్పుడు కాకరకాయ ప్రసక్తి ఎందుకు?

కామేశ్వరి: ఎందుకంటే, మీ మనవడు సొంతంగా ఒక కథ అల్లాడు. ఒక రాజుగారు మనవడికి పళ్లు పెట్టి, తాను మాత్రం భారతం సంపుటాల వెనుక డబ్బాలో చేగోడీలు దాచుకొని, అందరూ పడుకున్నాక తింటాడట.

వెంకట్రావు: పిల్లవాడి కల్పనాశక్తిని మెచ్చుకోవలసిందే. ఇంతకీ ఆ రాజుగారి గతి చివరకు ఏమవుతుందట?

కామేశ్వరి: అక్కడిదాకా వాడింకా రాలేదు కానీ, రాణిగారు ఆ చేగోడీలు తీసేసి డబ్బా నిండా వేయించిన శనగలు పోసింది.

వెంకట్రావు: అదన్నమాట సంగతి, రాత్రి చీకట్లో నాలుగు గుప్పిళ్లు నమిలినా కారం తగలలేదు!