కాలకూడని రాక్షసుడు

నరక చతుర్దశికి మన ఊళ్ళలో నరకాసురుణ్ణి కట్టేది కాల్చడానికే. అందుకే వెదురు బద్దలు, ఎండుగడ్డి, పాత గుడ్డలు, రంగు కాగితాలు: ఇట్టే అంటుకునే సరుకంతా అందులో ఉంటుంది. అమెరికాలో హాలోవీన్‌కి మన సంఘాలు హాంటెడ్ హౌస్ (జనాన్ని భయపెట్టే చీకటి గుహ) వేసేటప్పుడు కూడా చెయ్యి అలవాటుగా అటే పోతుంది. గోడలకి పాలిస్టర్ చీరలు, మూలల్లో గడ్డి మోపులు, రాక్షసుడి ఒంటికి పరుపుల ఫోమ్. 2024లోనైతే దీపావళీ హాలోవీనూ రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. ప్రమిదలు వెలిగే హాల్లో ఈ చీకటి గుహ ఉండనే కూడదు.

1984 మే 11న న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ అనే వినోద పార్కులో హాంటెడ్ క్యాజిల్ తగలబడి 8 మంది టీనేజీ పిల్లలు చనిపోయారు. గోడకున్న ఫోమ్ అంటుకుంది. మంట పుడితే నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లు లేవు. ఈ పని తలపెట్టే ప్రతి కమిటీకీ ఈ సంగతి తెలిసుండాలి.

కాబట్టి ముందు గుడ్డ సంగతి. ఎన్‌ఎఫ్‌పీఏ 701 (గుడ్డకి మంట ఎలా పాకుతుందో చూసే పరీక్ష) చీటీ ఉన్న గుడ్డే కొనండి. అగ్ని భద్రత తనిఖీ చేసే ఫైర్ మార్షల్ అడిగేది ఆ కాగితమే. నూలు గుడ్డకి గాలన్ నీళ్ళలో 9 ఔన్సుల బోరాక్స్, 4 ఔన్సుల బోరిక్ యాసిడ్ కలిపి తడిపి ఆరబెట్టే పద్ధతి ఒకటుంది. పాలిస్టర్‌కి అది పట్టదు, నూలు మీద కూడా వాన పడితే కడుక్కుపోతుంది. చీటీకి బదులు అది చెల్లదు.

ఇక రాక్షసుడు. కంప్రెసర్ గాలితో నడిచే సిలిండర్ తోస్తే నడుము దగ్గర వంగి జనం మీదికి దూకే బొమ్మ ఇది. ఏడడుగులుంటే చాలు. ఒళ్ళంతా అంగుళం పీవీసీ పైపుతో కట్టొచ్చు గానీ, నడుము దగ్గర మడత బందు పడే చోట మాత్రం ఇనుమో గట్టి చెక్కో వాడాలి. మీదికి దూకి ఆగిన ప్రతిసారీ దెబ్బంతా అక్కడే పడుతుంది, అక్టోబర్ చలికి పీవీసీ పెళుసెక్కి టీ జాయింటు దగ్గర విరుగుతుంది. గాలి పంపడానికి పీవీసీ అసలే వద్దు, ఒత్తిడికి పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. దానికి పావు అంగుళం నైలాన్ ట్యూబు ఉంది.

బందుకి 12 అంగుళాల పైన 6 అంగుళాల స్ట్రోక్ (రాడ్డు బయటికొచ్చే దూరం) సిలిండర్ తగిలిస్తే, తల బందు నుంచి ఎంత ఎత్తులో ఉంటే అందులో సుమారు సగం దూరం ముందుకొస్తుంది. అంగుళంన్నర బోరుకి (సిలిండర్ లోపలి వెడల్పు) గాలి ఒత్తిడి 60 పీఎస్‌ఐ పెడితే తోసే బలం 106 పౌన్లు. 40కి తగ్గిస్తే 71. పిల్లలొచ్చే చోట 40 దాటనక్కర్లేదు. భయపెట్టేది వేగం, బలం కాదు. చాచిన చేతుల పొడవు కూడా కలుపుకుని కంచె ఆరడుగుల దూరంలో వెయ్యండి. వెనక్కి వెళ్ళేటప్పుడు ధడాలున పడకుండా వాల్వు గాలి వదిలే వైపు స్పీడ్ కంట్రోలర్ బిగించండి. తలుపు క్లోజర్‌ని సిలిండర్‌గా మార్చి వాడేవాళ్ళున్నారు. అది ఆ ఒత్తిడికి చేసిన వస్తువు కాదు, వద్దు.

హోమ్ డిపో 2020లో తెచ్చిన 12 అడుగుల అస్థిపంజరం మీద మనవాళ్ళకి మోజెక్కువ. దాన్ని బయట నిలబెడితే బాగుంటుంది, దూరం నుంచి జనాన్ని పిలుస్తుంది. లోపల పెడితే దారి మింగేస్తుంది. పైగా గుమ్మంలోంచే మొత్తం కనబడిపోయాక దానికి ఎవరూ భయపడరు. గుడి పార్కింగ్ లాట్ తారులో మేకులు దిగవు గనక మూడు వైపులా తాళ్ళు లాగి, ఇసుక బస్తాలకి కట్టాలి. గాలి పెరిగితే పడుకోబెట్టెయ్యాలి.

మోషన్ సెన్సర్ కన్నా బటన్ పట్టుకున్న మనిషి మేలు. వచ్చింది నాలుగేళ్ళ పిల్ల అని సెన్సర్‌కి తెలియదు. ఆ మనిషి రెండో చేతికి అందేలా ఇంకో స్విచ్ ఉండాలి: నొక్కగానే లైట్లన్నీ వెలిగి, పాటలూ పొగా ఆగిపోయేలా. తలుపులు తెరిచే ముందు సాయంత్రం, కంప్రెసర్ ఆన్ చేసి, గుహంతా చీకటి చేసి, ఆ స్విచ్ ఒకసారి నొక్కి చూడండి. ఎగ్జిట్ బోర్డు ఏ చీర చాటునైనా ఉంటే అప్పుడే తెలుస్తుంది.